నేల ఉసిరి: కాలేయం, జీర్ణశక్తి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేల ఉసిరి అంటే ఏ మొక్క? పెద్ద ఉసిరికాయకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

వానలు పడగానే పొలం గట్ల మీద, పెరటి మడుల్లో, పూలకుండీల్లో కూడా ఎవరూ నాటకుండానే మొలిచే చిన్న కలుపు మొక్క నేల ఉసిరి. జానెడు మొదలుకొని మహా అయితే రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. సంస్కృతంలో దీన్ని భూమ్యామలకి, తామలకి అంటారు. ఆకుల వరుస, కింద వేలాడే ఆవగింజంత పచ్చని కాయలు చూడగానే ఉసిరి కొమ్మను ఎవరో బాగా కుదించి నేలలో గుచ్చినట్టు ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. ఈ పోలిక కేవలం కంటికి కనిపించేది మాత్రమే కాదు. చెట్టు ఉసిరి, పుల్లని రాచ ఉసిరి, ఈ నేల ఉసిరి మూడూ వృక్షశాస్త్రం ప్రకారం ఫిల్లాంథస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. పూర్వం వీటిని ఆముదపు కుటుంబంలో చేర్చేవారు, ఇప్పుడు ఫిల్లాంథేసీ అనే ప్రత్యేక కుటుంబంగా వేరు చేశారు. అయితే బంధుత్వం ఉన్నంత మాత్రాన గుణాలు ఒకటి కావు. చెట్టు ఉసిరిలో పులుపు ప్రధానమైతే, నేల ఉసిరిలో చేదు, వగరు ప్రధానం.

గట్టు మీద కనిపించిన మొక్క నేల ఉసిరేనని ఎలా గుర్తుపట్టాలి?

నిటారుగా నిలిచే కాండం నుంచి పక్కకు సన్నని రెమ్మలు వస్తాయి, ఒక్కొక్క రెమ్మకు రెండు వైపులా 5 నుంచి 11 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న ఆకులు వరుసగా ఉంటాయి. చూసేవారికి రెమ్మ మొత్తం చింతాకులాగా ఒకే ఆకు అనిపిస్తుంది. రెమ్మను తిరగేసి చూస్తే ఆకు మొదళ్ల దగ్గర, అడుగువైపున, సన్నని కాడలకు వేలాడే గుండ్రని కాయలు కనిపిస్తాయి. కాయ రెండు మిల్లీమీటర్లకు మించదు, లోపల మూడు గదుల్లో ఆరు గింజలుంటాయి. తమిళంలో దీన్ని కీళానెల్లి, అంటే కింద కాసే నెల్లి, అనడం ఈ లక్షణాన్ని బట్టే. పొద్దు వాలాక ఆకులు ముడుచుకుంటాయి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కాండాన్ని తుంచినప్పుడు తెల్లని పాలు కారితే అది నేల ఉసిరి కాదు, నానబాలు జాతి మొక్క అయి ఉంటుంది. కాండం ఎర్రబారి, కాయలు నున్నగా కాకుండా గరుకుగా, దాదాపు కాడ లేకుండా రెమ్మకు అంటుకుని ఉంటే అది ఫిల్లాంథస్ యూరినేరియా అనే దగ్గరి బంధువు. దాన్ని కూడా చాలాచోట్ల నేల ఉసిరి పేరుతోనే పీకి వాడుతుంటారు.

కొన్ని పుస్తకాల్లో ఫిల్లాంథస్ నిరూరి అని, మరికొన్నింట్లో ఫిల్లాంథస్ అమారస్ అని ఉంటుంది. ఏది సరైనది?

ఇది పండితులకు మాత్రమే పనికివచ్చే తగాదా అనిపించవచ్చు గాని, మందు సీసా మీది చీటీని అర్థం చేసుకోవడానికి ఇది తెలిసి ఉండాలి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో వర్ణించిన నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దగ్గర విరివిగా పెరిగేది అది కాదు, 1827లో వర్ణించిన అమారస్. లాటిన్‌లో అమారస్ అంటే చేదు. భారతీయ గ్రంథాల్లో, పాత పరిశోధన పత్రాల్లో నిరూరి అని రాసినవి చాలామటుకు అమారస్ గురించి గాని, దానిని పోలిన ఫ్రాటర్నస్, డెబిలిస్ జాతుల గురించి గాని చెప్పినవే. అమారస్ పువ్వుకు ఐదు రక్షక పత్రాలు, ఫ్రాటర్నస్‌కు ఆరు ఉంటాయి. భూతద్దం లేకుండా ఈ తేడా తెలియదు కాబట్టి ఎండబెట్టిన మూలికల మూటలో ఈ జాతులన్నీ కలిసిపోవడం సహజమే.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమారస్ స్వస్థలం కూడా అమెరికా ఉష్ణమండలమేనని, అక్కడి నుంచే అది లోకమంతా వ్యాపించిందని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అదే నిజమైతే, రెండు వేల ఏళ్ల నాటి వైద్యులు తామలకి అన్నది దీనిని పోలిన మరొక జాతినే అయి ఉండాలి. ఈ మొక్కనే మన ఋషులు వాడారని గట్టిగా చెప్పే ప్రకటనలను ఈ కారణంగా కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది.

ఆయుర్వేద గ్రంథాలు దీన్ని కాలేయానికి మందుగానే చెప్పాయా?

చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఇది. చరక సంహితలో తామలకి పేరు కనిపించేది ప్రధానంగా దగ్గును తగ్గించే కాసహర గణంలోను, ఆయాసాన్ని తగ్గించే శ్వాసహర గణంలోను. చ్యవనప్రాశలో పడే ద్రవ్యాల పట్టికలో కూడా తామలకి ఉంది. పదహారవ శతాబ్దపు భావప్రకాశం నాటికి దాహం, దగ్గు, రక్తపిత్తం (రక్తస్రావం), గాయాలు మొదలైనవాటికి దీన్ని పేర్కొన్నారు. ఆయుర్వేద పరిభాషలో దీని రుచి చేదు, వగరు, తీపి, వీర్యం, అంటే ఒంటి మీద చూపే ప్రభావం, శీతం (చలువ), గుణం లఘువు (తేలిక), రూక్షం (పొడిబార్చేది). పిత్తాన్ని, కఫాన్ని శమింపజేస్తుంది, అతిగా వాడితే వాతాన్ని పెంచుతుంది. పిత్తం ప్రకోపించడం వల్ల కామల, అంటే కామెర్లు, వస్తుందన్న సిద్ధాంతం నుంచి చూస్తే, చల్లని, చేదైన ఈ మూలిక కామెర్ల మందుగా స్థిరపడడంలో వింత లేదు. అయితే ఆ స్థానాన్ని దీనికి ఇచ్చింది ప్రాచీన సంహితల కంటే ఎక్కువగా ఊళ్లలోని పసరు వైద్యమేనని నా అభిప్రాయం.

మా ఊళ్లో నేల ఉసిరి పసరుతో ఎందరికో కామెర్లు తగ్గాయి. ఇది నిజంగా పనిచేస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు కామెర్లు అంటే ఏమిటో చెప్పుకోవాలి. కామెర్లు ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల్లో కనిపించే ఒక లక్షణం. ఎర్ర రక్తకణాలు కాలం తీరి విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఏర్పడుతుంది, కాలేయం దాన్ని మార్చి పిత్తరసం ద్వారా పేగుల్లోకి పంపుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఇది సుమారు 1.2 మిల్లీగ్రాముల లోపు ఉండడం మామూలు, రెండు మూడు మిల్లీగ్రాములు దాటితే కళ్లు పచ్చబడతాయి. రక్తకణాలు అతిగా పగిలిపోయినా, కాలేయ కణాలు దెబ్బతిన్నా, పిత్తనాళంలో రాయో గడ్డో అడ్డుపడినా పైకి కనిపించే రంగు ఒక్కటే. మూడింటికీ చికిత్స మాత్రం ఒకదానితో ఒకటి పొసగదు.

మన దేశంలో పెద్దవాళ్లకు, పిల్లలకు హఠాత్తుగా వచ్చే కామెర్లకు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ముఖ్య కారణం. వీటిలో అత్యధికులకు విశ్రాంతి, ఆహారం, నీరు సరిగా ఉంటే ఏ మందూ వాడకుండానే కొన్ని వారాల్లో నయమైపోతుంది. హెపటైటిస్ ఎ దీర్ఘవ్యాధిగా మారనే మారదు. కళ్లు పచ్చబడి, పది రోజులు గడిచాక పసరు వైద్యుడి దగ్గరకు వెళ్లి, మరో రెండు వారాలకు కోలుకున్న మనిషి ఆ ఘనతను పసరుకే ఇస్తాడు. ఇవ్వడం సహజమే. కాని పసరు తాగనివాడు కూడా అదే సమయానికి కోలుకొని ఉండేవాడు. పసరు వైద్యుల్లో మోసగాళ్లు ఉన్నారని నేను అనడం లేదు. చాలామంది డబ్బు కూడా తీసుకోరు, తాము ఇచ్చే ఆకు మీద వారికి నిజమైన నమ్మకం ఉంటుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, తమంతట తామే తగ్గే కామెర్లు పదింటికి తొమ్మిది ఉన్నప్పుడు, ఏ ఆకు ఇచ్చినా పేరు వస్తుంది. గుంటగలగరకూ ఇలాగే పేరు వచ్చింది. తగ్గని ఆ పదో మనిషి తిరిగి వచ్చి చెప్పడు, ఆసుపత్రిలో చేరతాడు.

ఆయుర్వేదానికి ఈ తేడా తెలియనిది కాదు. చరకుడు కామలను వర్ణిస్తూ, దారి మూసుకుపోయిన కామలలో రోగి మలం నువ్వుల పిండి రంగులో, అంటే తెల్లగా, ఉంటుందని, దానికి చికిత్స వేరని స్పష్టంగా చెప్పాడు. పిత్తం పేగులోకి రాకపోతే మలానికి రంగు రాదు. నేటి వైద్యుడు పిత్తనాళం మూసుకుపోయిందని అనుమానించేది కూడా ఈ లక్షణాన్ని చూసే. కాబట్టి మలం రంగు అడగకుండా, పరీక్షలు చూడకుండా అందరికీ ఒకే పసరు పోసే పద్ధతి ఆధునిక వైద్యానికే కాదు, ఆయుర్వేదానికి కూడా విరుద్ధం.

హెపటైటిస్ బి మీద నేల ఉసిరి పనిచేస్తుందని పరిశోధనల్లో తేలిందని అంటారు. నిజమేనా?

ఒకప్పుడు అలా అనిపించిన మాట వాస్తవం. ఆ కథ తెలుసుకోదగినది. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, అమెరికాలో తన సహచరులతో కలిసి ఈ మొక్క రసం ఆ వైరస్‌కు చెందిన ఎంజైమును ప్రయోగశాలలో అడ్డుకుంటున్నట్టు 1987లో ప్రకటించాడు. మరుసటి సంవత్సరం మద్రాసుకు చెందిన త్యాగరాజన్, ఆయన సహచరులు, బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వైరస్‌ను దీర్ఘకాలంగా మోస్తున్నవారికి ముప్పై రోజుల పాటు రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల ఎండు చూర్ణం ఇస్తే, 37 మందిలో 22 మందికి రక్తంలోని వైరస్ గుర్తు మాయమైందని, మందు లేని బిళ్లలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికి మాత్రమే అలా జరిగిందని అందులో ఉంది. ప్రపంచమంతా దీనివైపు తిరిగి చూసింది.

తరువాత థాయ్‌లాండ్, నెదర్లాండ్స్, న్యూజిలాండ్ దేశాల్లో అదే పరీక్షను మళ్లీ చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. మొక్క పెరిగిన నేల వేరని, కోసిన కాలం వేరని, జాతే వేరని వాదనలు వచ్చాయి, వాటిలో కొంత సబబు కూడా ఉంది. కాని మంచి మందు అయితే ఏదో ఒక చోట మళ్లీ నిలబడాలి కదా. 2011లో, వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ సమీక్షించి, హెపటైటిస్ బిలో ఫిల్లాంథస్ జాతుల ప్రయోజనానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఇప్పటికీ కొన్ని ఉత్పత్తుల ప్రకటనలు 1988 నాటి అధ్యయనాన్ని మాత్రమే చూపి, తరువాతి సంగతి మింగేస్తాయి.

పెద్దవాళ్లకు కొత్తగా హెపటైటిస్ బి సోకితే 95 శాతానికి పైగా తమంతట తామే దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకతో లేదా పసితనంలో సోకినవారిలోనే అది ఎక్కువగా స్థిరపడి, ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండి, సిర్రోసిస్‌కు (కాలేయం మచ్చలు పడి గట్టిపడడానికి), కాలేయ కాన్సర్‌కు దారితీస్తుంది. అటువంటివారికి టెనోఫోవిర్ వంటి మందులున్నాయి. హెపటైటిస్ సి అయితే పన్నెండు వారాల మాత్రలతో 95 శాతానికి పైగా పూర్తిగా నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండింటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నేల ఉసిరి వాడుతున్నామన్న ధైర్యంతో వీటిని వదులుకోవడం తగదు.

అయితే ఈ మొక్కలో అసలు ఏ సారమూ లేదా?

ఉంది. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్లు, జెరానిన్, కోరిలాజిన్ వంటి టానిన్లు, క్వెర్సెటిన్, రుటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఇందులో ఉన్నాయి. చేదు లిగ్నాన్లవల్ల, వగరు టానిన్లవల్ల వస్తాయని స్థూలంగా చెప్పుకోవచ్చు. కార్బన్ టెట్రాక్లోరైడ్, పారాసిటమాల్, సారా వంటివాటితో కాలేయాన్ని దెబ్బతీసిన ఎలుకలకు ఈ మొక్క సారం ఇచ్చినప్పుడు నష్టం తగ్గినట్టు అనేక ప్రయోగాల్లో కనిపించింది. ఎలుకకు ముందుగా రక్షణ ఇచ్చి తరువాత విషం పెట్టడం వేరు, జబ్బు ముదిరాక వచ్చిన మనిషికి నయం చేయడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని నేల ఉసిరి ఇంకా దాటలేదు.

అజీర్తి, ఆకలి మందగించడం, పుల్లని తేన్పులు వంటివాటికి దీన్ని వాడవచ్చా?

సంప్రదాయ వైద్యులు వాడతారు. చేదు రుచి నాలుకకు తగలగానే లాలాజలం, జీర్ణరసాలు ఊరడం అందరికీ అనుభవమే కాబట్టి, భోజనానికి ముందు కొద్దిగా తీసుకునే చేదు ద్రవ్యాలు ఆకలిని పుట్టిస్తాయన్న నమ్మకానికి ఆధారం లేకపోలేదు. వగరు గుణం వల్ల నీళ్ల విరేచనాలకు కొందరు, శీతగుణం వల్ల ఆమ్లపిత్తానికి కొందరు దీన్ని సూచిస్తారు. మనుషుల మీద జరిగిన పరీక్షల బలం ఈ విషయంలో చాలా తక్కువ. నాలుగు రోజులు మందగించిన ఆకలికి వాడి చూడడంలో పెద్ద ప్రమాదం లేదు. కాని నెలల తరబడి కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లని మలం, మింగుడుపడకపోవడం ఉంటే అది చేదు ఆకులతో సరిపెట్టుకోవలసిన అజీర్తి కాదు.

ఫ్యాటీ లివర్ ఉందని స్కానింగ్‌లో వచ్చింది. నేల ఉసిరి తాగితే కొవ్వు కరుగుతుందా?

కాలేయంలో పేరుకున్న కొవ్వును తగ్గించడంలో నిలకడగా ఫలితం ఇచ్చినది బరువు తగ్గడమే. శరీర బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే కొవ్వు మాత్రమే కాదు, కాలేయపు వాపు కూడా తగ్గుతుందని తేలింది. మద్యం మానడం, షుగరును అదుపులో ఉంచుకోవడం, తీపి పానీయాలు వదలడం, రోజూ నడవడం ఇందులో భాగాలు. నేల ఉసిరి వీటికి తోడుగా తీసుకుంటానంటే అభ్యంతరం లేదు గాని, వీటికి బదులుగా తీసుకుంటానంటే అది కాలయాపన.

సాధారణంగా ఎంత మోతాదులో, ఎలా తీసుకుంటారు?

వేరుతో సహా మొక్క మొత్తాన్ని, అంటే సమూలాన్ని, వాడడం ఆనవాయితీ. ఆయుర్వేదంలో వాడుకలో ఉన్న మోతాదు పెద్దవారికి తాజా రసమైతే 10 నుంచి 20 మిల్లీలీటర్లు, ఎండు చూర్ణమైతే రోజుకు 3 నుంచి 6 గ్రాములు. పచ్చి మొక్కను శుభ్రంగా కడిగి, మెత్తగా నూరి, పలుచని మజ్జిగలోనో నీళ్లలోనో కలిపి పరగడుపున తీసుకోవడం ఇళ్లలో తరతరాలుగా ఉన్న పద్ధతి. చాలా చేదుగా ఉంటుంది, ముందే మనసు సిద్ధం చేసుకోండి.

కడగడం గురించి ఒక మాట. కాలిబాటల పక్కన, మురుగు కాలువల ఒడ్డున, కలుపుమందు చల్లిన పొలంలో పెరిగిన మొక్కను ఎంత కడిగినా వాడకూడదు. కామెర్లు తెచ్చే వైరస్‌లే మురుగునీటిలో ఉంటాయి, పచ్చి పసరును వేడి చేయరు. కామెర్లకు మందు అనుకున్నదే కామెర్లను మోసుకు రావచ్చు. ఇంట్లో కుండీలో పెరిగినదాన్ని మంచినీటితో కడిగి వాడుకోవడం అన్నిటికంటే మేలు. నిల్వ చేయదలిస్తే వానాకాలంలో కాయలతో ఉన్నప్పుడు పీకి, నీడలో ఆరబెట్టి, తేమ తగలని డబ్బాలో ఉంచాలి.

ఎన్నాళ్లు వాడాలన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. సొంతంగా వాడేవారు రెండు మూడు వారాలు దాటి కొనసాగించకపోవడం వివేకం.

పసరు తాగినప్పుడు ఉప్పు, కారం, నూనె, పసుపు మానేసి కఠిన పథ్యం చేయాలా?

అవసరం లేదు, పైగా చేటు. కామెర్లు వచ్చిన మనిషికి అసలే ఆకలి ఉండదు, వాంతులు అవుతుంటాయి. అటువంటి సమయంలో చప్పిడి అన్నం, చెరకు రసం తప్ప ఏమీ పెట్టకుండా నెల రోజులు ఉంచితే కాలేయం కోలుకోవడానికి కావలసిన మాంసకృత్తులు అందవు, కండ కరిగిపోతుంది. పసుపు తింటే కళ్లు పచ్చబడతాయన్నది రంగును చూసి కట్టుకున్న ఊహ మాత్రమే. తేలికగా అరిగే మామూలు భోజనం, పప్పు, పెరుగు, అలవాటున్నవారికి గుడ్డు, కొద్ది కొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. వికారం తగ్గేవరకు వేపుళ్లు తగ్గిస్తే చాలు. కచ్చితంగా మానవలసింది మద్యం. పారాసిటమాల్ లాంటి మాత్రలను కూడా వైద్యుణ్ని అడగకుండా వేసుకోకూడదు.

పసరును కంట్లో వేయడం, ముక్కులో పిండడం, చేతి మీద వాత పెట్టడం మంచిదేనా?

కాదు. కంటికి గాయం, ముక్కులో మంట, కాలిన చోట చీము తప్ప వీటివల్ల ఒరిగేది లేదు. ముక్కులో పిండగానే పసుపుపచ్చని నీరు కారడం చూసి కామెర్లు దిగిపోయాయనుకుంటారు. ఘాటైన రసం తగిలి ముక్కు పొరలు కార్చిన నీరది. రక్తంలోని బిలిరుబిన్ అలా బయటకు పోదు.

ఎవరు దీన్ని వాడకూడదు? వేరే మందులు వాడేవారు ఏం గమనించాలి?

గర్భిణులు వాడకూడదు. గర్భిణికి కామెర్లు వస్తే అసలు ఇంట్లో మందు అనే ఆలోచనే చేయకూడదు, ఎందుకంటే చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ సోకిన తల్లుల్లో 20 నుంచి 25 శాతం వరకు మరణించే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు కూడా వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు.

ఈ మొక్కకు మూత్రాన్ని జారీ చేసే గుణం, రక్తంలో చక్కెరను, రక్తపోటును కొంత తగ్గించే గుణం ఉన్నాయి. అందువల్ల షుగరు మాత్రలు, ఇన్సులిన్, బీపీ మాత్రలు వాడేవారిలో అవి మరీ పడిపోవచ్చు. మానసిక వ్యాధులకు లిథియం వాడేవారు దూరంగా ఉండడం మంచిది, మూత్రం ద్వారా నీరు, ఉప్పు పోతే రక్తంలో లిథియం పెరుగుతుంది. కాలేయంలో మందులను విడగొట్టే కొన్ని ఎంజైములను ఈ మొక్క సారం అడ్డుకుంటున్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది కాబట్టి, అవయవ మార్పిడి మందులు, ఫిట్స్ మందులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

మూలిక కదా, కాలేయానికి మేలు చేయకపోయినా కీడు మాత్రం చేయదు కదా?

ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నేల ఉసిరి వరకు చూస్తే మామూలు మోతాదులో దీనివల్ల తీవ్రమైన హాని తక్కువే, కొందరికి కడుపులో మెలిపెట్టినట్టు ఉండి విరేచనం పలుచబడుతుంది. కాని మూలిక అయినందువల్లనే క్షేమం అనే సూత్రం నిలవదు. కరోనా కాలంలో ఇంటింటా తాగిన తిప్పతీగ కషాయం తరువాత కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని అంగీకరించలేదు, తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ కలిసి ఉండవచ్చునన్న వాదన కూడా వచ్చింది. ఏ పక్షం సరైనదైనా, మూలిక పేరుతో మనం మింగేది ఏమిటో మనకు కచ్చితంగా తెలియాలన్న సంగతి రెండు వాదనల్లోనూ ఉంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

చీటీ మీద మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ ఉండాలి. ఫిల్లాంథిన్ శాతం రాసి ఉంటే ఇంకా మంచిది, ఆ పదార్థం అమారస్‌లోనే గణనీయంగా ఉంటుంది కాబట్టి కలగాపులగం చేసిన సరుకును అది పట్టిస్తుంది. మూలికా ఔషధాల్లో భార లోహాలకు భారతదేశంలో పరిమితులున్నాయి: సీసం పది లక్షల భాగాల్లో 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలు మించకూడదు. పరీక్ష నివేదిక అడిగితే చూపగలిగే తయారీదారును ఎంచుకోవాలి. నేల ఉసిరి ఒక్కటే ఉందా, పాదరసం, తామ్రం వంటి భస్మాలు కలిసిన మిశ్రమ మందా అన్నది కూడా చదివి చూడాలి, అవి పూర్తిగా వేరే లెక్క. చీటీయే లేని పొట్లాన్ని, ఎంత నమ్మకస్తుడు ఇచ్చినా, కాలేయం చెడి ఉన్నప్పుడు వాడవద్దు.

మూత్రపిండాల్లో రాళ్లకు కూడా పనిచేస్తుందంటారు?

దక్షిణ అమెరికాలో దీని బంధువైన నిరూరికి రాళ్లు పగలగొట్టేది అనే అర్థంలోనే పేర్లున్నాయి. రాయిని పగలగొట్టదు గాని, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు పెరిగి ఒకదానికొకటి అతుక్కోవడాన్ని కొంత అడ్డుకుంటుందని బ్రెజిల్ పరిశోధనలు సూచించాయి. నాళంలో ఇరుక్కున్న పెద్ద రాయికి ఇది మందు కాదు.

కామెర్లలో ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

మనిషి తికమకగా మాట్లాడడం, పగలు అతిగా నిద్రపోయి రాత్రి మేలుకోవడం, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లని మలం, రక్తపు వాంతి, పొట్ట ఉబ్బడం, చలితో కూడిన జ్వరం, కుడి డొక్కలో భరించలేని నొప్పి, మలం తెల్లబడి ఒళ్లంతా దురద, ఏమీ నిలవని వాంతులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గంటల లెక్కన కదలాలి. ఇవేవీ లేకపోయినా కళ్లు పచ్చబడిన ప్రతివారూ కాలేయ పరీక్ష, రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోవాలి. ఆ పరీక్షలు చేతిలో ఉన్నాక నేల ఉసిరి వాడాలా వద్దా అన్న చర్చ ఆయుర్వేద వైద్యుడితో నింపాదిగా చేసుకోవచ్చు.

పుట్టిన బిడ్డకు కామెర్లు వచ్చాయి. తల్లి పసరు తాగితే, లేదా బిడ్డ నాలుకకు రాస్తే తగ్గుతాయా?

రెండూ చేయకండి. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా మొదటి వారంలో కొంత పచ్చబడతారు, తల్లిపాలు సరిగా పట్టిస్తే చాలామందికి అదే తగ్గిపోతుంది. బిలిరుబిన్ హద్దు దాటితే నీలి కాంతి కింద పడుకోబెట్టి తగ్గిస్తారు. పట్టించుకోకపోతే అది మెదడుకు చేరి శాశ్వతమైన నష్టం చేస్తుంది. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడినా, అరికాళ్ల దాకా పచ్చదనం పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా వెంటనే చూపించాలి. రెండు వారాలు దాటినా పచ్చదనం తగ్గక, మలం నువ్వుల పిండి రంగులో వస్తుంటే పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఉందేమో చూడాలి. దానికి చేసే శస్త్రచికిత్స బిడ్డకు 60 రోజులు నిండకముందు జరిగితేనే మంచి ఫలితం ఇస్తుంది.